నూట నలభై ఏడో నంబరు రాచ్చిప్ప

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలోని ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఉండి తీరాలని గట్టి నమ్మకం. నంబరు లేని వస్తువు కనబడితే చెయ్యి దురద పెట్టేది. చరిత్రలో ఎమ్మే చేసి, ఆ చదువుకు మా గుంటూరు వైపు ఉద్యోగం దొరక్క బెంగళూరు చేరాను. మారతహళ్ళి పీజీలో ముగ్గురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ పక్కన నాలుగో మంచం నాది. పొద్దున్నే వాళ్ళు బెళ్ళందూరు క్యాబు కోసం పరిగెడితే నేను కె.ఆర్.పురం బస్సు కోసం పరిగెత్తేవాణ్ణి. అక్కడ ఒక సందులో చిన్న మ్యూజియం ఉంది (పేరు చెప్పను, చెప్పినా మీరు చూసి ఉండరు, ఎదురింటివాళ్ళే చూడలేదు). అందులో నేను కాంట్రాక్టు సహాయకుణ్ణి. "అక్కడ ఏం చేస్తావురా?" అని మా అమ్మ ఫోనులో అడిగితే "వారసత్వాన్ని కాపాడతానమ్మా" అన్నాను. కాపాడేది ముఖ్యంగా వాననీళ్ళ నుంచి. కప్పు కారే చోట్ల బకెట్లు పెట్టడం, పావురాల్ని తోలడం, వెలగని ట్యూబులైట్లను కర్రతో తట్టడం, స్కూలు పిల్లలు శిలాశాసనం మీద కూర్చుని చిప్స్ తినకుండా చూడటం నా దినచర్య.

మా పైన క్యూరేటర్ మేడమ్ ఉండేవారు. ఏం చెప్పినా ఆమె అడిగే మొదటి ప్రశ్న "ఫైల్లో ఉందా?" అని. తాళాలు మాత్రం అటెండరు దగ్గర ఉండేవి. ఆయన్ను నేను బాబాయ్ అనేవాణ్ణి. ముళబాగిలు వైపు నుంచి ఎప్పుడో వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ తెలుగాయన. ఏ అద్దాల బీరువాను ఎక్కడ గుద్దితే తెరుచుకుంటుందో ఆయన ఒక్కడికే తెలుసు. ఇంకో మూడు నెలల్లో రిటైర్‌మెంటు.

ఏడాదికోసారి పై ఆఫీసు నుంచి అధికారి వచ్చి, రిజిస్టరులో ఉన్న వస్తువులు మ్యూజియంలో కూడా ఉన్నాయో లేదో చూసి వెళ్ళేవాడు. ఆ ఏడు బాబాయ్ కూతురి పురుడికి సెలవు పెట్టి ఊరెళ్ళిన వారంలోనే తనిఖీ పడింది. ముందురోజు నేను రిజిస్టరు పట్టుకుని ఒక్కొక్కటే సరిచూస్తూ నూట నలభై ఏడు దగ్గర ఆగిపోయాను. "రాతి పాత్ర, ఒకటి" అని రాసి ఉంది. పాత్ర లేదు. మేడమ్ కళ్ళజోడు తీసి, "లేదంటే గ్యాలరీ ఇన్‌చార్జి మీద రిపోర్టు పోతుంది. ఇన్‌చార్జి అంటే మీ బాబాయే. ఆయన పెన్షన్ పేపర్స్ ఆగిపోతాయి. ఎక్కడో ఉంటుంది, సరిగ్గా చూడు" అన్నారు. సరిగ్గా చూశాను. మధ్యాహ్నానికి వెనక గదిలో, చీపుర్ల పైన, కిటికీ గూట్లో దొరికింది. నల్లగా, నున్నగా, చేతికి బరువుగా ఉన్న రాతి పాత్ర. స్టీలు గిన్నెల ఇంట్లో పుట్టి హాస్టలు కంచాల్లో పెరిగిన నాకు అలాంటిదాన్ని దగ్గరగా చూడటం అదే మొదటిసారి. ఎర్ర రంగుతో కింద 147 వేసి, పైన వార్నిష్ పూసి, బాబాయ్ ఇచ్చి వెళ్ళిన తాళంతో, పది చోట్ల గుద్ది తెరిచిన అద్దాల బీరువాలో పెట్టి ముందు ఒక అట్ట నిలబెట్టాను. "శిలాపాత్ర. మధ్యయుగానికి చెందినది కావచ్చు. లోపలి నూనె జిడ్డును బట్టి దీపారాధనకు వాడినట్లు తోస్తున్నది." (లోపల ఇంగువ వాసన కూడా వచ్చింది. అది ప్రాచీనత అనుకున్నాను.) అధికారి ముచ్చటపడి ఫోటో తీయించి, రిపోర్టుకు జతచేసి సంతకం పెట్టాడు. బాబాయ్ పింఛను నేనే కాపాడానని ఆ వారమంతా నేల మీద నడవలేదు.

సోమవారం బాబాయ్ తిరిగొచ్చి, వెనక గదిలోకి వెళ్ళి, వెంటనే బయటికొచ్చాడు.

"అప్పా, నా చిప్ప యాడ?"

"ఏ చిప్ప బాబాయ్?"

"ఊరగాయ చిప్పప్పా. కిటికీలో పెట్టింటినే. మా ఇంటామెకి వాళ్ళమ్మ ఇచ్చిన రాచ్చిప్ప."

ఆయన్ను బీరువా దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని అట్ట మీది ప్రతి అక్షరమూ చదివాడు. "దీపమా?" అన్నాడు చివరికి. "నిమ్మకాయ ఊరగాయప్పా అది."

"మరి అసలు నూట నలభై ఏడు ఎక్కడుంది?" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని మేడమ్ గది ముందుకు నడిపించాడు. గాలికి తలుపు పడిపోకుండా ఒక గుండ్రటి రాయి అడ్డం పెట్టి ఉంటుంది. రోజుకు పదిసార్లు దాన్ని దాటేవాణ్ణి. అది బోర్లించిన పాత్ర. "పాత సారు పెట్టించినాడు. ఈయమ్మ వచ్చినాక తీస్తానంటే, సుమ్నె ఉండనీ, ఊరికే తియ్యొద్దు, తలుపు కొట్టుకుంటాది అనె."

లోపల్నుంచి మేడమ్ అంతా విన్నారు. రాయి వైపు మాత్రం చూడలేదు. "ఫోటో అటాచ్ అయింది, సైన్ అయింది. ఇప్పుడు ఇంకొకటి దొరికింది అని రాస్తే ఎంక్వయిరీ వేస్తారు. అది అయ్యేదాకా ఆయన పేపర్స్ కదలవు" అన్నారు. (తలుపు సంగతి కూడా ఎంక్వయిరీలో వస్తుందని ఆమె అనలేదు. అనక్కర్లేదు.) నేను తెలివి చూపించబోయి, "పోనీ ఆ రాయి మీరు తీసుకెళ్ళండి బాబాయ్" అన్నాను. చరిత్రలో ఎమ్మే చేసినవాడు అన్న మాట అది; ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. బాబాయ్ దాన్ని వేలితో తట్టి చూసి, "బేడప్పా, వద్దు. పచ్చిరాయి. దీంట్లో ఊరగాయ నాలుగు దినాలుండదు" అన్నాడు. ఆ ప్రాచీన పాత్ర మీద వెలువడిన తొలి నిపుణాభిప్రాయం అదే అయి ఉంటుంది.

ఆయన భయం సర్కారుతో కాదు. "వీళ్ళకి ఏమన్నా రాసియ్యొచ్చు. ఇంట్లో ఏం చెప్పేది?" ఆ మూడు నెలలూ పిన్ని అడిగినప్పుడల్లా "ఆఫీసులోనే ఉండాది" అని చెప్పుకొచ్చాడు. అబద్ధమేమీ కాదు. రోజూ మధ్యాహ్నం ప్లాస్టిక్ డబ్బాలో ఊరగాయతో అన్నం తింటూ బీరువా వైపు చూసేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు అన్నం సహించేది.

రిటైర్‌మెంటు రోజున దండ వేశాం, మేడమ్ మాట్లాడారు, అందరం మైసూర్‌పాక్ తిన్నాం. పిన్ని కూడా వచ్చింది. అంతా అయ్యాక సంచి విప్పి, "ఇంగ చిప్ప తే, పోదాం" అంది. నా జేబులో నేరం ఒప్పుకుంటూ రాసిన కాగితం ఉంది. అది జేబులో ఉంచుకునే ఆమెను బీరువా ముందుకు తీసుకెళ్ళి, పింఛను సంగతితో సహా జరిగినదంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె నన్ను చూడలేదు, చిప్పనే చూసింది.

"ఎండిపోయి ఉండాది సూడు" అంది. "మూడు నెల్లు నూనె చూపించలేదే మీరు! ఇట్ల పెడితే పగులుతుంది. దీన్ని పదునుకు తెచ్చేదానికి మా యమ్మ నెల దినాలు గంజి పోసి పెట్టె." భర్త వైపు తిరిగి "తలుపు తియ్యి" అంది. బాబాయ్ చివరిసారి తాళం తిప్పి, గుద్దవలసిన చోట గుద్దాడు. ఆఫీసులో దేవుడి పటం దగ్గరున్న నూనె సీసా నేనే తెచ్చిచ్చాను. ఆమె వేళ్ళతో లోపలా బయటా పూసి, నా ఎర్ర నంబరు మీద కూడా పూసి, లోపల పెట్టేసింది. "కాగితాలు నాకు తెలీదప్పా. ఈయప్ప పింఛనీకి అడ్డమైతే చిప్ప ఈడనే ఉండనీ. నూనె మాత్రం మరవద్దు."

మేడమ్ గొంతు సవరించుకుని, "ఫైల్లో రాయి" అన్నారు. నా కాగితం జేబులోనే ఉండిపోయింది. సంరక్షణ రిజిస్టరులో మాత్రం రాశాను: "147. ప్రతి నెలా మొదటి తేదీన నూనె పూయవలెను. లేనిచో పగులును." ఎవరి సలహా అన్న గడిలో "నిపుణులు" అని రాశాను.

ఇప్పుడు నేనూ బెళ్ళందూరు వాణ్ణే. ఒక ఆఫీసులో కంప్యూటర్ ఫైళ్ళకు నంబర్లు వేస్తుంటాను (దురద పోలేదు). మొన్న అటువైపు పనిపడి మ్యూజియంలోకి వెళ్ళాను. మేడమ్ ఎప్పుడో బదిలీ అయ్యారట. గది తలుపు దగ్గర రాయి అలాగే ఉంది. ఒక కొత్త అటెండరమ్మాయి బీరువా తెరిచి చిప్పకు నూనె పూస్తోంది. ఎందుకమ్మా అని అడిగాను. "రిజిస్టర్‌లో రాసుండారు సార్. ఎందుకో ఎవరికీ తెలీదు. ఒకటో తేదీ అయితే పుయ్యాల" అంది. దీపారాధన అట్ట రంగు వెలిసి ఇంకా నిలబడే ఉంది. నేను ఆ మ్యూజియంలో రాసినవాటిలో నిజం ఆ నూనె మాటొక్కటే, అదీ పిన్ని మాట. అసలు కథంతా చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆ పిల్లకు ఎంక్వయిరీ ఎందుకులే అనిపించి, "ఒకసారి చూడనిస్తావా?" అని మాత్రం అడిగాను. వంగి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ప్రాచీనత ఇంకా పూర్తిగా పోలేదు.