శాలువాల కింది ఫోన్

ఆరేళ్లుగా మా ఇంటి బీరువా తాళం చెవి నా మొలతాడుకే ఉంటుంది. నా భార్య నవ్వుతుంది, "గా శాలువాలు ఎవ్వలెత్కపోతరు?" అని. నేనూ నవ్వుతాను. సన్మానాల్లో కప్పిన ఆ శాలువాల కింద ఒక ఫోన్ ఉంది. అది నాది కాదు. ఇంట్లో ఎవరైనా బీరువా దగ్గరికి వెళ్తే చాలు, నా చేయి మొలతాడు మీదికి పోతుంది.

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పే ధైర్యం వచ్చింది. నా పేరు మాత్రం అడగకండి. కోరుట్లలో జిరాక్స్ షాపు నడుపుకుంటాను. గల్ఫ్‌కు పోయినవాళ్లకు కష్టం వస్తే వాళ్ల ఇంటివాళ్లు నా దగ్గరికే వస్తారు. దరఖాస్తులు రాస్తాను, అక్కడ తెలిసినవాళ్లకు ఫోన్లు చేస్తాను, చనిపోయినవాళ్లను ఇళ్లకు చేర్పిస్తాను. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోను. తాగను, తిరగను, భార్యాపిల్లలే లోకం. "దేవుడసొంటోడు" అంటారు నన్ను. ఆ మాట వినగానే నేను మాట మారుస్తాను. ఎందుకో చెబుతాను.

రాజేశం సిరిసిల్లవాడు. అక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. పని సరిగా నడవక దుబాయ్ పోయాడు. అతని కాగితాలన్నీ నేనే నింపాను. భార్య లత నన్ను అన్నా అంటుంది, కూతురు నవ్య మామా అంటుంది. నవ్య అప్పుడు ఏడో తరగతి. సాంచాల చప్పుడులో బతికినవాడు కదా, రాజేశం ఫోన్‌లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. ఫోన్‌ను చెవికి జానెడు దూరంలో పెట్టుకుని వినేవాడిని.

ఆ రోజు మధ్యాహ్నం జగిత్యాలలో బట్టల దుకాణంలో ఉన్నాను. మా పెద్దబిడ్డ పెళ్లి దగ్గరపడింది. చీరలు పరిచి చూపిస్తున్నారు. అప్పుడు రాజేశం ఫోన్ చేశాడు.

"అన్నా, పానం మంచిగుంటలేదు. ఛాతిల గుంజుతున్నది. కంపెనోళ్లు దవాఖానకు తోలుతలేరు. ఇంటికి పోతనంటె పాస్‌పోర్టు ఇస్తలేరు. ఈడున్న మనోళ్లకు నువ్వొక్క మాట చెప్తె..."

"తమ్మీ, బిడ్డ లగ్గం బట్టలకచ్చిన. రెండొద్దులు ఆగు, మాట్లాడుత."

"గట్లనా? అయితె పని చూసుకో అన్నా. బిడ్డ పెండ్లి కంటె ఎక్కువనా."

అంతే. తనే ఫోన్ పెట్టేశాడు.

దుబాయ్‌లో మన జగిత్యాల మనిషే ఒకాయన కారు నడుపుతాడు. ఆయనకు చెబితే ఆ సాయంత్రానికే రాజేశాన్ని దవాఖానలో చూపించేవాడు. రెండు నిమిషాల పని. ఎందుకు చేయలేదు? పెళ్లి పనులని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. పెళ్లి సాకు. అసలు సంగతి విసుగు. రోజూ ఎవరో ఒకరి ఏడుపు వినీ వినీ, ఇంటి మీద బెంగ పెట్టుకుని ఒంట్లో బాగాలేదనేవాళ్లను చూసీ చూసీ, వీడూ అంతేలే అనుకున్నాను. చీర అంచులు తిరగేస్తూ అనుకున్నాను. ఆ చీరే మా బిడ్డ కట్టుకుంది.

తర్వాత నాలుగు రోజుల్లో మూడు వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. ఒక్కటీ వినలేదు. ఐదో రోజు పొద్దున రాజేశం గదిలో నిద్ర లేవలేదని కబురు వచ్చింది. అప్పుడు నేను మొదట చేసిన పని ఏమిటో తెలుసా? లతకు ఫోన్ చేయలేదు. ఏడవనూ లేదు. ఆ మూడు మెసేజ్‌లను వినకుండానే చెరిపేశాను. నేను చేసింది తప్పని నాకు అప్పటికే తెలుసన్నమాట. తెలియనివాడు చెరపడు కదా?

ఇక ఆ తర్వాత అతని కోసం తిరిగినట్టు నేను ఎవరి కోసమూ తిరగలేదు. పెళ్లి పనులు బామ్మర్దికి అప్పగించి మరీ తిరిగాను. బతికున్నవాడికి రెండు నిమిషాలు లేవన్న నేను, చచ్చినవాడికి పన్నెండు రోజులు ఇచ్చాను. శవపెట్టె సిరిసిల్ల చేరిన రోజు వాళ్ల వాడకట్టులో సాంచాలు ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో లత నా కాళ్ల మీద పడింది. పేపర్లో నా ఫొటో వచ్చింది. నెల తిరగకముందే శాలువా కప్పారు. నేను వద్దనలేదు.

దినాలు అయ్యాక లత అతని ఫోన్ నా చేతికిచ్చింది. "అన్నా, గిది తెరిపియ్యి. ఆయన మాట ఏమన్న ఉంటదేమో. బిడ్డ ఇంటనంటున్నది."

ఏ షాపుకూ తీసుకుపోలేదు. నాలుగంకెల లాక్. కాగితాలు నింపినవాడిని, నవ్య పుట్టినరోజు నాకు తెలుసు. మొదటిసారికే తెరుచుకుంది. షట్టరు సగం దించి, నాకు పంపిన ఆ మూడు మెసేజ్‌లూ అందులో విన్నాను. అతని మీద ప్రేమతో కాదు, నాకు వ్యతిరేకంగా అందులో ఏముందోనని. మొదటి దాంట్లో నొప్పి ఎక్కువైందన్నాడు. రెండో దాంట్లో, పెళ్లి పనుల్లో సతాయిస్తున్నందుకు ఏమనుకోవద్దన్నాడు. మూడో దాంట్లో గొంతు ఎంత తగ్గిపోయిందంటే, ఫోన్ చెవికి అదుముకుంటే గాని వినిపించలేదు. "అన్నా, నా మాట ఇంటున్నవా?" అంతే ఉంది. నేను విన్నట్టు మెసేజ్ పక్కన నీలి గుర్తు రాలేదని అతనికి కనిపిస్తూనే ఉండి ఉంటుంది.

నాలుగోది నాకు కాదు. నవ్య కోసం లత ఫోన్‌కు పంపబోయాడు. నెట్ లేక అది పోలేదు.

"బిడ్డా, సైకిలు మెల్లగ తొక్కు, లారీలస్తయి. కోరుట్ల మామకు చెప్పిన. మామ నన్ను ఇంటికి తోలిపిస్తడు. అస్తున్న బిడ్డా."

లతతో ఏమన్నాను? నీళ్లు పోయి ఖరాబైందట, ఏమీ రాలేదట, షాపులోనే పడేశాను అన్నాను. "పోనియ్యన్నా, నువ్వైతె తిరిగినవ్ గదా" అంది. ఆ శ్రావణం నుంచే నాకు రాఖీ కట్టడం మొదలుపెట్టింది. ఏటా సిరిసిల్ల నుంచి బస్సులో వస్తుంది. బీడీలు చుట్టి చుట్టి గట్టిపడ్డ వేళ్లతో ముడి వేస్తుంది. నేను దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుని, ఆమె చేతిలో చీర పెడతాను.

ఫోన్ ఎందుకు పారేయలేదని మీరు అడగవచ్చు. రెండుసార్లు జేబులో వేసుకుని కాలువ దాకా పోయాను. విసరలేకపోయాను. కూతురికి తండ్రి చెప్పిన ఆఖరి మాట అది. దాన్ని ఇవ్వడానికీ చేతులు రాలేదు, ముంచడానికీ రాలేదు.

మొన్న నవ్య ఫోన్ చేసింది. ఇప్పుడు జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది.

"మామా, బాపు ఫోన్ ఏ షాపుల ఇచ్చినవ్? ఖరాబైన ఫోన్లకెల్లి గూడ మాటలు తీస్తరట."

"యాదికి లేదు బిడ్డా" అన్నాను.

"ఏంగాదు. రాఖీకి అమ్మెంబడి అస్త. ఇద్దరం పోయి ఎతుకుదాం."

ఆ పిల్లను వెంటబెట్టుకుని కోరుట్లలో ఎన్ని షాపుల మెట్లెక్కాలి? ప్రతి కౌంటరు ముందూ ఆ అబద్ధం మళ్లీ ఎలా చెప్పాలి? నా భయం జైలు గురించి కాదు. లత రాఖీ తెంపేసుకుని పోతుందేమోనని. మా బిడ్డ తన పెళ్లి చీరను ఇక ముట్టుకోదేమోనని. ఇన్నేళ్లు మంచివాడినన్న నలుగురూ ఇక నన్ను చూసి మొహం తిప్పుకుంటారేమోనని. చూశారా, ఇప్పుడు కూడా భయమంతా నా గురించే.

రాఖీ ఎల్లుండి. రాఖీ కట్టిన చెల్లె చేతిలో అన్న ఏదో ఒకటి పెట్టాలి. ఈసారి చీర కొనలేదు. ఇందాక బీరువా తీసి, శాలువాలన్నీ పక్కకు నెట్టి, ఫోన్‌ను హాల్లో చార్జింగ్‌కు పెట్టాను. చాలాసేపటికి దాని మొహం వెలిగింది. వంటింట్లోంచి వచ్చిన నా భార్య ఆగి చూసింది.

"గిదెవ్వలిది?"

"రాజేశంది" అన్నాను.

ఆమె ఫోన్ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. భయం పోలేదు, ఇంకా పెరిగింది. అయినా మొలతాడు నుంచి తాళం చెవి విప్పి బల్ల మీద పెట్టాను.