టేపు అక్క

బీదర్‌లో నేను చెరుకు మీద పరిశోధన చేసే రోజుల్లో ఫిజిక్స్ ల్యాబులో ఒక అక్క ఉండేది. పొరలు పొరలుగా ఉండే స్ఫటికాన్ని మామూలు టేపుతో ఒలిచి, కంటికి కనిపించని పలుచటి పొరతో టెరాహెర్ట్జ్ అనే కంటికి కనబడని కిరణాలను పట్టే పరికరం చేసింది. ఆకులో నీరు ఎంతుందో కూడా ఆ కిరణాలు చెప్పేవి. పశువైద్యులు ఏ నమూనా తెచ్చినా, ఫార్మసీ వాళ్లు ఏ మందు తెచ్చినా, "పెట్టుండ్రి, చూద్దాం" అనేది.

ఒకరోజు హళ్ళిఖేడ్‌లోని మా చేను నుంచి తెచ్చిన ఆకు పెడుతుంటే నా గోరు తగిలి ఆ పొర చిరిగిపోయింది. అది అక్క నాలుగు నెలల కష్టం. అక్క మైక్రోస్కోపులో చూసింది.

"నాతోని మూడు పోయినయ్. నీతోని ఒకటే గదా," అంది. "దా, టేపు పట్టు."

నెల రోజులు ఇద్దరం కలిసి ఒలిచాం. కొత్తది తయారయ్యాక మొదట మా చేను నుంచి మళ్లీ తెచ్చిన తాజా ఆకే పెట్టించింది. పైకి పచ్చగా ఉన్నా, లోపల నీరు బాగా తగ్గిందని తేలింది. వెంటనే ఊళ్లో మా బాపుకు ఫోన్ చేశాను.

"చెరుకుకు నీళ్లు పెట్టు బాపూ, ఆకు ఎండబోతాంది."

"మంచిగనే ఉన్నది గదా. నీకెవరు చెప్పిండ్రు?"

అక్క ఫోన్ అందుకుంది. "ఆకే చెప్పింది కాకా. మోటర్ ఎయ్యుండ్రి."

నేను ఏం చెప్పినా రెండు రోజులు ఆలోచించే బాపు, ఆ పూటే మోటర్ వేశాడు.