నూట పన్నెండో పేజీ

మాది అనంతపురం వైపు. చినుకు పడితేనే అపురూపంగా చూసే మాకు ఉప్పెన అంటే పుస్తకంలో మాట. దివిసీమ ఉప్పెన మీద రాసిన పుస్తకమొకటి విజయవాడలో దొరికితే కొని, చల్లపల్లి బస్సులో చదువుకుంటున్నాను.

పక్కసీట్లో యాభై దాటిన ఒకావిడ. అట్టకి వేసిన నల్లదారం కుట్టు వంక చాలాసేపు చూసి, "ఎక్కడ కొన్నారు బాబూ?" అంది.

"పాత పుస్తకాల షాపులోనండీ."

"నూట పన్నెండో పేజీ తియ్యండి."

తీశాను. ఒక ఊళ్ళో చనిపోయినవాళ్ళ పేర్లు. ఆవిడ తడుముకోకుండా ఒకదాని మీద వేలు పెట్టింది: దీనమ్మ, తండ్రి ఏసోబు, ఏడేళ్ళు.

"మీకేమవుతుందండీ?"

"నేనే."

ఆ పేరు వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూశాను. పిల్లలు కొట్టుకుపోయారనుకుని వాళ్ళమ్మే పేర్లు రాయించిందట. మూడోరోజున అక్కాచెల్లెళ్ళిద్దరూ తుమ్మచెట్టు మీద దొరికారట.

చరిత్రలో తప్పు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. పెన్ను తీసి ఆ పేరు కొట్టెయ్యబోయాను. ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వద్దండీ. పోయినట్టు రాసున్నవాళ్ళ కోసం చావు మళ్ళీ రాదని మా అమ్మ దిద్దనివ్వలేదు."

నాకు నవ్వొచ్చింది, పై వరస చూసేదాకా. అక్కడ మరియమ్మ అనే పేరు అప్పటికే కొట్టేసి ఉంది. పక్కన ‘బతికే ఉన్నాను’ అని నీలం సిరాతో రాసి ఉంది.

"మా అక్క. ఈ పుస్తకం దాందే. పోయినేడు కొట్టేసుకుంది."

"తర్వాత?"

ఆవిడ పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది.

"తర్వాతేగా, ఇది పాత పుస్తకాల షాపుకి చేరింది."