గాలి మాలకొండయ్య చెప్పిన వాన

రాచర్ల దగ్గరి ఆ ఊళ్లో మాలకొండయ్యలు నలుగురున్నారు. ఒకడు కుంటి మాలకొండయ్య, ఒకడు బర్రెల మాలకొండయ్య, ఇంకొకడు ఉత్త మాలకొండయ్య. నాలుగోవాడు గాలి మాలకొండయ్య. పడమట నల్లమల మీదినుంచి దిగే గాలిని ముందే పసిగట్టి చెప్తాడు కాబట్టి తనకా పేరొచ్చిందని కొత్తవాళ్లతో అతనే చెప్పుకునేవాడు. చెప్పి ఊరుకోకుండా, "నేను చెప్పేవన్నీ గాలిమాటలు గాబట్టి గూడా వచ్చిందిలే" అని వెంటనే కలిపేవాడు. ఎలాగూ ఎవరో ఒకరు అంటారు, ఆ పని తానే చేసేస్తే పోతుందని అతని ఉద్దేశం.

అరవయ్యేళ్ల మనిషి. ఎనిమిదెకరాల మెట్ట, రెండు ఎద్దులు, నోరున్న భార్య వెంకటసుబ్బులమ్మ. రోజూ పొద్దున్నే పెరటి గోడెక్కి కొండలకేసి ముక్కెత్తి నిలబడేవాడు. ఆ తర్వాత పిచ్చయ్యశెట్టి దుకాణం అరుగు మీద కూచుని ఆ పూట సంగతి బయటపెట్టేవాడు. ఎండా, వానా, గాలి ఏ దిక్కు, ఎంత జోరు, అంతా చెప్పేవాడు. ముప్పై ఏళ్లుగా చెప్తున్నాడు, ముప్పై ఏళ్లుగా తప్పుతున్నాడు. చుక్క పడదన్న రోజున తన మిరపకాయలే కల్లంలో నానిపోయాయి. ఎండ అదిరిపోతుందని గొంగడి ఇంట్లో వదిలి సంతకు పోయి, జ్వరంతో తిరిగొచ్చాడు.

ఊరివాళ్లు తెలివైనవాళ్లు. అప్పుడప్పుడూ తప్పేవాడు ఎందుకూ పనికిరాడు గాని, వదలకుండా తప్పేవాడు భలే పనికొస్తాడని కనిపెట్టారు. అతను వానంటే వాళ్లు గింజలు ఎండబోసుకునేవారు, ఎండంటే రాశుల మీద గడ్డి కప్పుకునేవారు. మొదట్లో చాటుగా చేశారు. కొన్నాళ్లకు అతని ఎదుటే, "మామ వానన్నాడు, ఇంక ఫరవాలేదు పదండి" అని లేచేవారు. అది మొదటిసారి విన్నప్పుడు మాలకొండయ్యకు తల కొట్టేసినట్టయింది. నాలుగు రోజులు అరుగెక్కలేదు. అయిదోనాడు తానే వచ్చి, "నేను లేకుంటే వానొచ్చేది మీకెట్ల తెలుస్తది?" అంటూ తన చోట తాను కూచున్నాడు. అందరూ నవ్వారు, అందరికన్నా గట్టిగా అతనే నవ్వాడు. అయినా ఆ మాట ఎక్కడో గుచ్చుకుంటూనే ఉండేది.

అప్పట్లో గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేది, పెద్ద కబుర్లన్నీ మద్రాసు నుంచి రావాల్సిందే. ఆ ఏడు చిత్తకార్తె చివరి రోజుల్లో ఊరందరి కొర్రలూ కోతలై, ఎద్దులతో తొక్కించడం కూడా అయిపోయి, పొట్టుతో కలిసిన రాశులు కల్లాల్లో పడున్నాయి. తూర్పారబట్టాలంటే గాలి కావాలి. పది రోజులుగా ఆకు కదల్లేదు. ఇంతలో స్వాతివాన దిగిందంటే రాశిలోనే గింజ మొలకెత్తుతుంది, ఏడాది తిండి పోతుంది.

అలాంటప్పుడు మాలకొండయ్యకు గిద్దలూరు స్టేషనులో పనిబడింది. అక్కడి గుమాస్తా సుందరరాజు ముందురోజు అచ్చయిన మద్రాసు పత్రిక చదువుకుంటున్నాడు. "ఇదిగో పెద్దాయనా, మీ వృత్తివాళ్లు ఏదో రాసినారు" అని ఎగతాళిగా ఒక ముక్క తెలుగు చేసి వినిపించాడు. దత్తమండలాల కొండ పట్టున రేపటినుంచి రెండు రోజులు పడమటి గాలి బాగా వీస్తుందట. ఎండ మెత్తగా ఉంటుందట. మూడోనాటి నుంచి తూర్పు వానలట.

మాలకొండయ్య ప్లాట్‌ఫారం చివరికి పోయి కొండలకేసి ముక్కెత్తాడు. తన ముక్కూ అదే చెప్పింది. సంతోషం మాట అటుంచి, అతనికి భయమేసింది. తన ముక్కు కూడా ఒప్పుకుందంటే ఆ పత్రిక తప్పేమోనని!

ఇంటిదాకా ఏడు మైళ్లూ ఆలోచనే. చివరికి అచ్చయిన మాటనే నమ్మాడు గాని, ఊరికి చెప్పేదెట్లా? ఉన్నదున్నట్టు చెప్తే ఊరంతా రాశులు కప్పేసి కూచుంటుంది, గాలి కాస్తా వచ్చి పోతుంది, ఆ తర్వాత వాన ముంచేస్తుంది. పత్రికలో ఉందంటేనో? మామ వినొచ్చిన పత్రికట, ఇంక అది నిజమైనట్టేలే అంటారు. జన్మకొకసారి నిజం చేతికి దొరికితే, దాన్ని తిరగేసి చెప్పాల్సి వచ్చిందే అని దారిలో తనలో తాను నవ్వుకున్నాడు.

సాయంత్రం అరుగు మీద గొంతు సవరించుకుని, "రేపూ ఎల్లుండీ వాన. కుండపోత. గాలి ఊసే లేదు" అన్నాడు.

ఊళ్లో పెద్ద రైతు ఆదినారాయణ తుండుగుడ్డ దులిపి లేచాడు. "అయితే రేపు తూర్పార పట్టుకోవచ్చు. గంపలు బయటకు తియ్యండిరా" అన్నాడు. అరుగంతా నవ్వు.

ఆ నవ్వు అణిగాక, అరుగు కింద ఉప్పు కొనుక్కోవడానికి నిలబడ్డ మగ్దలీనమ్మ తలెత్తి, "నిజంగా వానేనా పెద్దయ్యా?" అని అడిగింది. ఆమె మూడేళ్ల కిందట మొగుడు పోయాక చంద్రశేఖరపురం దిక్కునుంచి కూతురితో వచ్చి ఊరిబయటి పాలెంలో ఉంటోంది. ఆదినారాయణ ఇసక గరపచేను రెండెకరాలు గుత్తకు చేసుకుంటూ, మిగతా రోజులు కూలికి పోతుంది. నలుగురూ వింటున్నారు కదా అని మాలకొండయ్య ఇంకాస్త బిగుసుకుని, "వానేనమ్మా. రాసిపెట్టుకో" అన్నాడు.

తెల్లారేసరికి నల్లమల మీదినుంచి గాలి దిగింది. చల్లగా, నిలకడగా, గింజను వదిలేసి పొట్టును మాత్రం ఎత్తుకుపోయే జోరులో వీచింది. ఎండకు వేడి లేదు. రెండు రోజులు ఊరు ఊరంతా కల్లాల్లోనే ఉంది. మూడుకాళ్ల పీటలెక్కి గంపలు ఒంచారు, పొట్టు తూర్పుకు పోయి కంచెలన్నీ పసుపురంగుకు తిరిగాయి. దారినపోయే ప్రతివాడూ, "మామా, నీ వాన బ్రహ్మాండంగా ఉంది" అని కేకేసి పోయాడు. మాలకొండయ్య తల గోక్కుంటూ లోలోపల పొంగిపోయాడు. అంతమందికి తెలియని సంగతి తనొక్కడికే తెలిసి ఉండటం అతని బతుకులో అదే మొదలు.

మూడోనాడు మధ్యాహ్నానికి గాలి పడిపోయింది. తూర్పున నల్లగా లేచింది. తన వాన ఎంతదాకా వచ్చిందో చూసుకుందామని మాలకొండయ్య పాలెం వైపు నడిచాడు. ఊరిబయట కల్లంలో మగ్దలీనమ్మ, రాశి మీది గడ్డి లాగి పక్కకు వేస్తోంది. కింద కొర్రలు పొట్టుతో కలిసి అట్లాగే ఉన్నాయి.

"ఏందమ్మా ఇది? తూర్పార పట్టలేదా?"

"వాన అంటివి గదా పెద్దయ్యా. గట్టిగా కప్పి, నేనూ పిల్లా బేస్తవారిపేటకు కూలికి పోయినాము. నువ్వు చెప్పిన రెండు రోజులూ అయిపోయె. ఇంక తెరిచి ఆరబోస్తా."

మాలకొండయ్య మోకాళ్ల నొప్పి మరిచి ఇంటికి పరిగెత్తాడు. పెద్ద దుప్పటి తీసుకుని, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. గాలి లేనప్పుడు ఇద్దరు మనుషులు దుప్పటి చెరొక కొస పట్టుకుని విసిరి గాలి పుట్టించడం మామూలే, కాకపోతే వయసులో ఉన్నవాళ్లు చేసే పని అది. మగ్దలీనమ్మ పీటెక్కి గంప ఒంచింది, కూతురు కిందనుంచి నింపి అందించింది, ముసలిదంపతులు విసిరారు. "ముప్పై ఏళ్లకు నీవల్ల గాలొచ్చింది" అంది వెంకటసుబ్బులమ్మ ఆయాసపడుతూ. పొట్టు సగం ఎగిరింది, సగం మాలకొండయ్య నోట్లోకి పోయింది.

నాలుగు గంపలయ్యాక అతను ఉండబట్టలేక చెప్పేశాడు. "ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధమమ్మా. గాలొస్తదని నాకు తెలుసు. ఈ ఊళ్లో అందరూ నా మాట తిరగేసుకుంటారు. వాళ్లు తిరగేసుకుంటారనే తిరగేసి చెప్పినా. నీకు తెలవదని నాకు తెలవదు."

మగ్దలీనమ్మ చేతిలో గంప ఆగిపోయింది.

"ఆ పొద్దు వాళ్లు నవ్వింది ఉత్త ఎగతాళికనుకొంటిని. అందరూ తిరగేసుకుంటారా? ఎప్పుడూనా?"

"ఎప్పుడూనే."

ఆమె మెల్లగా, తనలో తాను చెప్పుకుంటున్నట్టు అంది. "ముందటేడు సజ్జలు నానిపోయె. నిరుడు ఉలవలు మొలకలొచ్చె. పెద్దయ్య చెప్పినట్టే చేస్తిని గదా, మరి నా ఒక్కదానికే ఎందుకిట్ల అయితదని ఏడిస్తిని. నా ప్రార్థనలోనే ఏదో లోపముందనుకొని ఉపవాసాలుంటిని."

మాలకొండయ్య అలవాటుకొద్దీ తన మీద తానొక జోకు వేసుకోబోయాడు. అది నవ్వుకునే సంగతి కాదని ఆగాడు. ఊరంతా తన మాటకు నవ్వుతుంటే, దాన్ని ఉన్నదున్నట్టు నమ్మిన ఒకే ఒక్క మనిషి రెండేళ్ల పాటు పస్తులుండి, ఆ తప్పు కూడా తనదేననుకుంది. సిగ్గుతో చితికిపోయాడు. వెంకటసుబ్బులమ్మ దుప్పటి కొసను మళ్లీ బిగించి పట్టుకుంది.

పైన ఉరిమింది. మొదటి చినుకు దుప్పటి మీద పడింది.

"విసురు పెద్దయ్యా, ఇంకా సగముంది" అంది మగ్దలీనమ్మ, గంప ఎత్తి ఒంపుతూ. అతను విసిరాడు.