బాపు ఉన్న దేశం

పన్నెండేళ్లు నేను దుబాయిలో ఒక బడిలో ఊడ్చి తుడిచే పని చేశాను. చివరి ఐదేళ్లు అక్కడి లైబ్రరీ నా వంతుకు వచ్చింది. లైబ్రేరియన్ మలయాళీ ఆవిడ. ఏ పుస్తకం ఏ అరలో పెట్టాలో, చిరిగిన పేజీ ఎలా అతికించాలో తీరిక దొరికినప్పుడల్లా నేర్పేది. పదో తరగతితో ఆగిపోయిన నాకు అదే పెద్ద చదువు.

మా ఊరు బోథ్‌కు తిరిగొచ్చాక కొన్నాళ్లు చేనుకూ ఇంటికీ మధ్య తిరిగాను. మా దగ్గర చూసుకునేవాళ్లు లేని పిల్లల హాస్టల్ ఒకటుంది. ఒకరోజు అక్కడ అరటిపళ్లు పంచడానికి వెళితే, తాళం వేసిన రెండు బీరువాల నిండా పుస్తకాలు కనిపించాయి.

"పిల్లలకిస్తే చింపుతరు," అన్నది వార్డెన్.

"చింపనియ్యుండ్రి మేడం. అతికిచ్చుడు నాకొస్తది."

ఆమె నవ్వి తాళంచెవి నా చేతిలో పెట్టింది. అలా శని, ఆదివారాల్లో జీతం లేని లైబ్రేరియన్‌నయ్యాను.

మూడో వారం అట్లాసులో ఒక పేజీ లేదు. గల్ఫ్ దేశాల పటం. ఎవరు చింపారని అడిగితే పిల్లలంతా ఒక అమ్మాయి వైపు చూశారు. తొమ్మిదేళ్లుంటాయి. తల్లి చనిపోయింది. తండ్రి గల్ఫ్‌కు పోతూ ఇక్కడ చేర్పించాడు. మిగతా పిల్లల్ని ఆటకు పంపి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఎందుకు చింపినవు బిడ్డా?"

గౌను జేబులోంచి మడతలు పడిన కాగితం తీసింది. "మా బాపు దుబాయిల ఉన్నడు. గిండ్ల యాడున్నడో తెలుస్తలేదు."

వేలు పెట్టి చూపించాను. చుక్కంత ఉంది. ఆమె ముఖం చిన్నబోయింది. "నేను గూడ ఆడ ఉండొచ్చిన," అన్నాను. అంతే, ప్రశ్నలు మొదలయ్యాయి.

"అన్నం ఎవలు వండుతరు? మా బాపుకు జెరమొస్తే ఎవలు చూస్తరు?"

ఒక గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లమని, మంచం మీద మంచం ఉంటుందని, వంతులు వేసుకుని వండుకుంటామని చెప్పాను. నా వంతు రోజు పప్పులో ఉప్పెక్కువైతే జగిత్యాలవాళ్లూ ఆదిలాబాద్‌వాళ్లూ ఒక్కటై తిట్టేవాళ్లని చెబితే నవ్వింది. జ్వరమొచ్చినప్పుడు పక్క మంచమాయన గంజి కాచి తాగించాడని, ఆ రోజు ఏడ్చానని కూడా చెప్పాను. సెలవుకు వచ్చినప్పుడల్లా ఏం తెచ్చావని అడిగినవాళ్లే గాని, అక్కడ ఎట్లా ఉంటావని అడిగినవాళ్లు లేరు. తప్పు వాళ్లది కాదు. "మంచిగనే ఉన్న" అంటూ నేనే మాట దాటేసేవాణ్ని.

మరుసటి ఆదివారం ఆమె తండ్రి వార్డెన్ ఫోనుకు చేశాడు. ఎప్పుడూ రెండు మాటలతో అయిపోయేదట.

"బాపూ, నీది మీది మంచమా, కింది మంచమా?"

"మీదిదే బిడ్డా. నీకెవలు చెప్పిండ్రు?"

"లైబ్రరీ సారు. పప్పుల ఉప్పు జర తక్కువెయ్యి."

ఫోనులో ఆయన పగలబడి నవ్వడం గది అంతా వినిపించింది. వాళ్లను మాట్లాడుకోనిచ్చి బయటికొచ్చేశాను.

ఆ సాయంత్రం హుజూరాబాద్‌లో ఉన్న నా కూతురికి ఫోన్ చేసి అవే సంగతులు చెప్పాను.

"గివన్ని ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే బాపూ?"

"పరేషాన్ అయితవని."

"ఇప్పుడైతే చెప్పు. నేను ఇంటున్న."

గంజి సంగతి దగ్గర ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత మనసు తేలికైంది.

మొన్న ఎండాకాలం ఆ పిల్ల తండ్రి సెలవుకు వచ్చాడు. ఆయనకు చదువు రాదు. లైబ్రరీలో చాప మీద కూర్చుంటే, ఆమె వేలు పెట్టి చదువుతూ ఒక కథ మొత్తం వినిపించింది. ఆయన లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. మొక్కవలసింది నాకు కాదు, మీ బిడ్డకే నేను మొక్కాలి అని చెప్పబోయాను. ఈలోగా ఆమె ఇంకో కథ మొదలుపెట్టింది. ఇద్దరం చాప మీద కూర్చుని విన్నాం.