ఐదు అంకెల డయల్

ఈ రోజు ఇస్నాపూర్‌లోని మా వర్క్‌షాపులో నా డయల్ గెలిచింది. ఇంజన్ లేకుండా ఎగిరే గ్లైడర్ ఎంత వేగంగా పైకి పోతోందో, కిందికి దిగుతోందో చూపే డయల్ అది. ఒకప్పుడు బస్సు బోర్డులు రాసిన అలవాటుతో ఐదే అంకెలు వేసి, మిగతాది ఖాళీగా వదిలాను. మా గుంటూరు ఇంజనీరుగారు తన డయల్ మీద ఇరవై ఒక్క అంకెలు వేయించారు.

"అంకెలన్నీ మీరు మింగేస్తే పైలట్ ఏం చూస్తాడు పెద్దాయనా?" అని నిన్నంతా నవ్వారు. నాది పనికిరాదంటే నేను మళ్ళీ బోర్డులకే పోవాలి.

మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి పైలట్ వచ్చాడు. ఇంజనీరుగారు రెండు డయళ్ల మీదా గుడ్డ కప్పారు. ముందు తన దాని మీది గుడ్డ ఎత్తి, రెప్పపాటులో దించేశారు.

"జెర ఆగుండ్రి సార్, మళ్ల సూపెట్టుండ్రి," అన్నాడు పైలట్.

తర్వాత నా దాని మీదిదీ అంతేసేపు ఎత్తారు.

"దిగుతున్న. రెండు," అన్నాడు వెంటనే. మూడుసార్లు ముల్లు మార్చినా తప్పు చెప్పలేదు. "గాలిల అన్ని అంకెలు సదివే టైముండదు సార్. నాకు గిదే పెట్టుండ్రి."

ఇంజనీరుగారు తన డయల్ రంగు తానే తుడిచేసి, ఖాళీ రేకు నా ముందు పెట్టారు.

"ఎత్తు చూపేది కూడా మీరే రాయండి. ఎన్ని అంకెలుండాలో మీ ఇష్టం."

సరే అన్నాను. కుంచె అందుకున్నాను. ఇది చదివే మీరు కూడా మీ చేతి గడియారంలో ఎన్ని అంకెలు తీసేసినా టైము తెలుస్తుందో చూసి, నాకు చెప్పండి.