స్వీడన్ జ్వరం

కుదరబోతున్న పెళ్ళి సంబంధాన్ని చెడగొట్టుకోవడానికి మనుషులకు రకరకాల దారులున్నాయి. కొందరు తాగి దొరికిపోతారు. కొందరు ఉద్యోగం గురించి గొప్పలు చెప్పి దొరికిపోతారు. నేను డీవీడీ పెట్టి దొరికిపోయాను. అదీ అరవయ్యేళ్ళ నాటి బ్లాక్ అండ్ వైట్ స్వీడిష్ సినిమా డీవీడీ. ఆ మధ్యాహ్నం అమెరికాలో మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ హాల్లో జరిగిన ఘోరం తల్చుకుంటే ఏడేళ్ళ తర్వాత కూడా నా చెవులు వేడెక్కుతాయి. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి.

అసలు తప్పు సినిమాది కాదు, నా నోటిది. మేధ నాకు ఒక ఫ్రెండ్ ఇంట్లో పరిచయమైంది. ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేది. మాటల్లో పాత ఫారిన్ సినిమాలంటే ఇష్టమంది. నేనూరుకుంటానా?

"నాక్కూడా! ముఖ్యంగా స్వీడిష్ క్లాసిక్స్ అంటే ప్రాణం" అన్నాను.

అప్పటికి స్వీడన్ గురించి నాకు తెలిసిందల్లా మనమే బిగించుకోవాల్సిన వాళ్ళ బల్లలూ కుర్చీలూ. వాటిల్లో కూడా ఎప్పుడూ రెండు మరలు మిగిలిపోయేవి.

ఆరు నెలల తర్వాత తెనాలి నుంచి మేధ అమ్మానాన్నలు వచ్చారు. "కిరణ్, శనివారం మీ ఇంటికి భోజనానికి తీసుకొస్తాను. ఊరికే. నాన్నకి నువ్వు నచ్చితేనే మిగతా మాటలు" అంది మేధ. ఈ 'ఊరికే' సంగతి మీకు తెలిసిందే. అక్కడైతే మనం వాళ్ళింటికి వెళ్ళి స్వీటూ హాటూ తిని వస్తాం. ఇక్కడ వాళ్ళే వచ్చి మన ఫ్రిజ్ తెరిచి చూస్తారు.

నాకు భోజనం గురించి భయం లేదు, పప్పుచారు బాగానే పెడతాను. భయమల్లా తిన్న తర్వాత వచ్చే రెండు గంటల గురించే. ఆయన అడుగుతుంటే నేను చెబుతూ కూర్చోవడం నా వల్ల కాదు. నా నోరు ఎంత ప్రమాదకరమైందో పైన చూశారుగా. అందుకని మేధని అడిగాను, "అంకుల్‌కి ఎలాంటి సినిమాలు ఇష్టం?"

"ఫైట్లు పడవు. ఫ్యామిలీ సినిమా అయితే కదలకుండా చూస్తారు."

లైబ్రరీకి పరిగెత్తాను. డీవీడీల అరలో ఆ అట్ట నన్ను చూసి నవ్వింది. తండ్రి, తల్లి, కూతురు, అల్లుడు, వెనకాల సముద్రం. కింద 'ద్వీపంలో ఒక కుటుంబం గడిపిన వేసవి' అని ఉంది. ఇంకో ఐదు లైన్లున్నాయి గానీ చదవలేదు. కూతురూ అల్లుడూ ఒకే ఫొటోలో ఉంటే ఇంకా చదవడమెందుకు? అటు మేధ దగ్గర నా పరువూ దక్కుతుంది, ఇటు అంకుల్‌కి కుటుంబ కథా చిత్రమూ దొరుకుతుంది అనుకున్నాను.

శనివారం వాళ్ళు దిగారు. అంకుల్ రిటైర్డ్ ఇంజనీరు, వచ్చీరాగానే కుళాయిలన్నీ తిప్పి చూశారు. ఆంటీ శారద గారు రిటైర్డ్ టీచరు. ఏం చెప్పేవారో నేను అడగలేదు. ఇది గుర్తుంచుకోండి, ముందుముందు అవసరమొస్తుంది.

భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. అంకుల్ పప్పుచారు రెండుసార్లు వేయించుకున్నారు. అంతలో మేధకి ల్యాబ్ నుంచి కాల్ వచ్చింది. "గంటన్నరలో వచ్చేస్తా. మీరు మూవీ స్టార్ట్ చేసేయండి" అని తలుపు దగ్గర ఆగి, "నువ్వు చూసిందేగా?" అంది.

"నాలుగుసార్లు" అన్నాను.

సినిమా మొదలైంది. తోటలో బల్ల చుట్టూ నలుగురూ కూర్చుని భోంచేస్తున్నారు. అంకుల్ కాళ్ళు చాపుకుని, "బాబూ, కంటి ఆపరేషన్ అయినప్పట్నుంచి ఈ కింద ఇంగ్లీషు అక్షరాలు నాకందట్లేదు. తెలుగులో చెబుతూ ఉండు. ఆంటీ కూడా వింటుంది" అన్నారు. ఆంటీ చిన్నగా నవ్వారు.

పది నిమిషాలు నా అనువాదం అమోఘంగా సాగింది. ఆ తర్వాత అల్లుడు మామగారిని పక్కకి తీసుకెళ్ళి, మీ అమ్మాయి మనసు ఇక కుదుటపడదంటున్నారు డాక్టర్లు, ఆ సంగతి ఆమెకి చెప్పొద్దు అన్నాడు.

నా గుండె జారి పప్పుచారులో పడింది. మనవాళ్ళు సంబంధం చూసేటప్పుడు కులగోత్రాల కంటే ముందు గుసగుసగా ఆరా తీసే మాట ఇదే కదా, వాళ్ళింట్లో ఎవరికైనా 'అలాంటిది' ఉందా అని! పెళ్ళి మాటల రోజున ఆ మాట నా నోట్లోంచి ఎలా వస్తుంది?

"ఏమంటున్నాడు?" అన్నారు అంకుల్.

"అమ్మాయికి జ్వరమట అంకుల్."

"జ్వరానికి అంత ఏడుపెందుకు?"

"చలి దేశం కదా అంకుల్. అక్కడ జ్వరమంటే సీరియస్."

"వేసవన్నావుగా?"

"వాళ్ళకి వేసవి కూడా చలే."

అక్కణ్ణుంచి నా బతుకు ఆ అమ్మాయి చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఆమె ఖాళీ కుర్చీ ముందు కంచం పెట్టి, అందులో ఎవరో కూర్చున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఎవరితో మాట్లాడుతోంది?"

"ఫోన్‌లో అంకుల్."

"ఫోనేదీ?"

"బ్లూటూత్."

"అప్పట్లోనా?"

"టెక్నాలజీలో వాళ్ళు చాలా ముందు అంకుల్."

అంకుల్ ఇంజనీరు కాబట్టి ఆలోచనలో పడ్డారు. ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాపం ఏడుస్తున్నారనుకున్నాను. ఆపేద్దామని చెయ్యి చాస్తే, రిమోట్ ఆంటీ ఒళ్ళో ఉంది.

చివరికి ఆ అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి పడవొచ్చింది.

"ఎక్కడికి పంపిస్తున్నారు?"

"అత్తారింటికి అంకుల్."

"మరి అల్లుడు ఒడ్డునే నిలబడి ఏడుస్తున్నాడేం?"

"ఆనందబాష్పాలు."

పడవ వెళ్ళిపోయింది. సినిమా అయిపోయింది. అంకుల్ నిటారుగా కూర్చున్నారు. ముఖంలో రక్తం లేదు.

"నేను గుడ్డివాణ్ణి కాదు బాబూ. జ్వరమో ఏమిటో నాకు తెలుస్తూనే ఉంది. ఇవాళే, మా ముందే ఇది పెట్టావంటే... నీకు ఎవరు చెప్పారు?"

సినిమా సంగతి ఎవరు చెప్పారంటున్నారనుకున్నాను. "లైబ్రరీలో దొరికింది అంకుల్."

"లైబ్రరీలోనా! ప్లెయిన్స్‌బరో దాకా వచ్చేసిందా?"

"క్లాసిక్ కదా అంకుల్. తెలియనివాళ్ళుండరు."

ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నారు. "లే శారదా, వెళ్దాం. ఈ సంబంధం అయ్యేది కాదు" అన్నారు. మేధ నా చేతుల్లోంచి జారిపోతోందని మాత్రం నాకు అర్థమైంది. ఎందుకో తెలియదు. కాళ్ళ మీద పడదామనుకున్నాను గానీ ఏ తప్పుకని పడాలి?

"మీరు కూర్చోండి" అన్నారు ఆంటీ. "ఈ అబ్బాయికి మన సంగతీ తెలీదు, సినిమా సంగతీ తెలీదు."

"నాలుగుసార్లు చూశాడట!"

"ఒక్కసారి చూసినవాడెవడైనా దీన్ని సంబంధం రోజున పెడతాడా అండీ?" అని నా వైపు తిరిగారు. "బాబూ, నేను హైస్కూల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. నీ మొదటి జ్వరం దగ్గరే పట్టుకున్నాను."

భూమి తెరుచుకుంటుందేమోనని కార్పెట్ వైపు చూశాను. "మరి ఆపలేదేం ఆంటీ?"

"ఎంతదూరం వెళ్తావో చూద్దామని. బ్లూటూత్ దగ్గర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను." ఆ తర్వాత మామూలు గొంతుతోనే అన్నారు. "ఆ పిల్లకొచ్చినట్టే నాకూ వచ్చింది. పన్నెండేళ్ళయింది. ఎవరూ లేకుండానే మాటలు వినిపించేవి. నాలుగు నెలలు ఆస్పత్రిలో ఉన్నాను. మందులు వేసుకుంటున్నాను, బాగున్నాను. మేధ నీకు చెబుతానంటే ఈయనే ఒట్టేయించుకున్నారు. చుట్టాలందరికీ ఏమని చెప్పారో తెలుసా? థైరాయిడ్ అని."

"శారదా..." అన్నారు అంకుల్.

"ఈయనది థైరాయిడ్, నీది జ్వరం. అబద్ధం చెప్పడంలో మామా అల్లుళ్ళు ఇద్దరూ సరిపోయారు. ఇంతకంటే మంచి సంబంధం మనకెక్కడ దొరుకుతుందండీ?"

అంకుల్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశారు. నాకు సిగ్గేసింది. ఆవిడ ముందు కూర్చుని, ఆవిడ కథనే గంటన్నర సేపు జ్వరం, బ్లూటూత్ అని అపహాస్యం చేశాను. "క్షమించండి ఆంటీ" అన్నాను. ఈసారి నా నోరు నిజమే చెప్పింది.

"క్షమాపణ తర్వాత. ముందు సినిమా మొదటికి పెట్టు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ మాటలు ఈయన పన్నెండేళ్ళుగా పైకి అననివ్వలేదు. ఇవాళ వినాలి."

మళ్ళీ పెట్టాను. అల్లుడు మామగారిని పక్కకి తీసుకెళ్ళాడు. ఈసారి ఉన్నదే చెప్పాను. అంకుల్ తెర వైపు చూస్తూనే ఆంటీ చెయ్యి పట్టుకున్నారు, సినిమా అయ్యేదాకా వదల్లేదు. తప్పు చెప్పిన చోటల్లా ఆంటీ నన్ను దిద్దారు. ఎనిమిది చోట్ల.

గంటన్నరలో వస్తానన్న మేధ మూడు గంటలకి, సరిగ్గా పడవ సీనులో వచ్చింది. ముగ్గురం కళ్ళు తుడుచుకుంటున్నాం. "ఏమైంది? మూవీ ఎలా ఉంది?" అంది కంగారుగా.

"బాగుందే. జ్వరం సినిమా" అన్నారు ఆంటీ. "ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందాం?"

ఇప్పుడావిడ మా అత్తయ్య. ఫోన్‌లో చుట్టాలు ఆవిడ ఆరోగ్యమెలా ఉందంటే మావయ్యే జబ్బు పేరు పెట్టి చెబుతున్నారు. ఇంట్లో శిక్ష పడింది నాకొక్కడికే. మొన్న చలికాలంలో నూటమూడు టెంపరేచర్‌తో మూలుగుతూ, "అత్తయ్యా, జ్వరం" అన్నాను. మా దగ్గర ఉండటానికొచ్చిన ఆవిడ పేపర్లోంచి తలెత్తకుండా, "ఏ జ్వరం బాబూ? స్వీడన్ జ్వరమా?" అన్నారు.

కాబట్టి పాఠకమహాశయులారా, లైబ్రరీ కార్డు మీద చెయ్యేసి మీ సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. చూడని సినిమా చూశానని ఈ జన్మలో చెప్పను. డీవీడీ అట్ట మీద ఆఖరి లైను దాకా చదవకుండా ప్లేయర్‌లో పెట్టను. జ్వరమన్న మాట, చేతిలో థర్మామీటరూ పక్కన ఇద్దరు సాక్షులూ లేకుండా, అత్తయ్య ముందు చచ్చినా ఎత్తను.